మాట బయటికి పోని గది



ఈ పూట నేను మాట్లాడబోయేది ఆఫీసుల్లో పెట్టుకునే ఓ చిన్న గదిని గురించి. పాడ్ అంటున్నారు దాన్ని. పెద్ద హాల్లో ఓ మూల నిలబెట్టిన బీరువాలా వుంటుంది. ముందు గాజు తలుపు, లోపల ఓ కుర్చీ, చిన్న బల్ల, దీపం, ఫాను. అందులోకి వెళ్లి తలుపేసుకుని మాట్లాడితే మాట బయటికి రాదనీ, బయటి గోల లోపలికి పోదనీ చెప్పి అమ్ముతారు. "ఆఫీసు సామానుతో మాకేం పని?" అంటారేమో. పని వుందండీ. ఇప్పుడు మనలో చాలామందిమి ఏదో ఒక సంఘంలోనో, బడి కమిటీలోనో, అపార్టుమెంటు కమిటీలోనో వున్నవాళ్లమే. కొందరు ఇంటి కింది వాటాలో చిన్న ఆఫీసు నడుపుతున్నారు. ఆడవాళ్లు వచ్చి కష్టం సుఖం చెప్పుకునే చోటు ఏదైనా సరే, అక్కడ చెప్పిన మాట ఎంత దూరం పోతుందో చూసుకోవలసిన బాధ్యత మన మీదే పడుతుంది.

మా పొదుపు సంఘం సంగతి చెబుతాను. హైదరాబాదులో ఓ మేడ మీద నలభై అడుగుల హాలు. ఇదివరకు కార్యదర్శిగారికి వేరే గది వుండేది. హాలు బాగు చేయించినప్పుడు ఆ గోడ తీయించేశారు. గోడలుంటే సభ్యులకు బెరుకుగా వుంటుంది, అందరం కలిసి కూర్చుంటే కలుపుగోలుగా వుంటుంది అన్నారు. చూడటానికి బాగానే వుంది. ఏడు బల్లలు, మొక్కల కుండీలు, మంచి వెలుతురు. అయితే అప్పు కోసం వచ్చిన మనిషి ఎందుకు కావాలో చెప్పాలి గదా! ఓ సభ్యురాలు వచ్చి, ఆయన జీతం ఇంటికి రావటం లేదనీ, పిల్ల ఫీజుకు గాజులు కుదువ పెట్టాననీ మెల్లిగానే చెప్పుకుంది. వరసలో కూర్చున్న నలుగురూ విన్నారు. మర్నాటికి ఆమె వుండే సందులో కూరల బండి దగ్గర అదే మాట. ఆ తర్వాత ఆమె మూడు నెలలు మా మెట్లెక్కలేదు. కంతులు పక్కింటి అమ్మాయి చేత పంపించింది. ఇలా రాకుండా వుండిపోయినవాళ్లు ఇంకెందరో మాకు తెలియదు. రానివాళ్లు వచ్చి చెప్పరు గదా.

అప్పుడు కమిటీ కూర్చుని, మళ్లీ గోడ కట్టాలంటే ఇంటివారు ఒప్పుకోరు కనక ఓ పాడ్ కొందామని నిశ్చయించి, చూసి రమ్మని ముగ్గురికి అప్పగించింది. అందులో నేనొకర్తెను. నాకు స్టూడియో గడప తెలుసును గనక నన్ను వేశారు.

ఇలాంటి గోడల్లేని ఆఫీసులు కొత్తవేం కావు. 1950ల చివర జర్మనీలో గదులు తీసేసి, బల్లలు అటూ ఇటూ సర్ది, మధ్య మొక్కలు పెట్టి, ఆఫీసును తోటలాగా అమర్చే పద్ధతి మొదలయింది. మన మాదాపూరు, గచ్చిబౌలి మేడల్లో మన పిల్లలు కూర్చునేవి దాని సంతానమే. మనుషులు ఎక్కువ కలిసి మాట్లాడుకుంటారని గోడలు తీసేశారు. 2018లో హార్వర్డు పరిశోధకులు ఇద్దరు, గోడలు తీయించిన రెండు పెద్ద కంపెనీలలో లెక్కగట్టి చూస్తే, ముఖాముఖి మాటలు పెరగలేదు సరిగదా నూటికి డెబ్భై వంతున తగ్గిపోయాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లే ఉత్తరాలు రాసుకోవటం మొదలుపెట్టారు. నలుగురూ వింటారని తెలిస్తే నోరు దానంతట అదే మూత పడుతుంది. ఉమ్మడి కాపురాలు చేసినవాళ్లకు ఈ సంగతి చెప్పటానికి హార్వర్డు అక్కర్లేదనుకోండి.

పాడ్ కథ కూడా తమాషాగా వుంటుంది. ఫిన్లాండు దేశంలో టాంపెరే అనే పట్టణంలో ఓ యజమాని హాల్లో కూర్చుని ఫోనులో గట్టిగా మాట్లాడేవాడట. భరించలేక ఇద్దరు ఉద్యోగులు "ఇంకెక్కడికైనా వెళ్లి మాట్లాడండి" అంటే, "అయితే నాకో ఫోను గది కొనిపెట్టండి" అన్నాడట. తగిన గది బజారులో దొరక్క వాళ్లే తయారు చేయటానికి పూనుకున్నారు. 2010లో ఫ్రేమెరీ అనే కంపెనీ అలా పుట్టింది. ఇప్పుడు దేశదేశాల్లో ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి, మన దేశంలోనూ చేస్తున్నారు. 1980ల చివర నుంచి వీధి వీధినా పచ్చ బోర్డులతో వెలిసిన ఎస్.టి.డి. బూతులు జ్ఞాపకం వున్నాయా? గాజు అర, అందులో టెలిఫోను, తలమీద తిరిగీ తిరగని ఫాను, ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. పాడ్ ఆ అరకు పెద్ద చదువు చదివిన మనవరాలు.

ఇక కొనబోయేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మనం ఆపవలసింది చప్పుడును కాదు, మాటను. ఫాను రొద రోజంతా వుంటుంది, దాని పక్కనే నిద్రపోతాం. వంటింట్లో కుక్కరు కూతలు పెడుతున్నా పత్రిక చదువుకుంటాం. అదే పక్క గదిలో ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ వుంటే, వద్దనుకున్నా చెవి అటే పోతుంది. చప్పుడు చిన్నదే, కాని అందులో అర్థం వుంది. ఫిన్లాండు పరిశోధకుడు హోంగిస్టో అనే ఆయన 2005లో ఇదే తేల్చి చెప్పాడు. పక్కవాళ్ల మాట ఎంత స్పష్టంగా అర్థమయితే మన పని అంతగా చెడుతుంది, ఎంత గట్టిగా వినిపించింది అన్నది తర్వాతి సంగతి. కాబట్టి పాడ్ బయట నిలబడినప్పుడు లోపలి నుంచి 'గుయ్' మని సణుగుడు వినిపిస్తే కంగారు పడకండి. "గాజులు కుదువ పెట్టాను" అన్నది తెలిస్తే మాత్రం ఆ గది మనకు పనికిరాదు, అది ఎంత అందంగా వున్నా సరే.

దుకాణంలో మొట్టమొదట చూపించేది లోపలి మెత్తటి గోడలు. ప్లాస్టిక్ సీసాలు కరిగించి తీసిన దారంతో చేసిన ఫెల్టు, దాని వెనక స్పాంజి. "చూడండమ్మా, శబ్దం అంతా పీల్చేస్తుంది" అంటాడు. నిజమే, పీలుస్తుంది. కాని పీల్చటం వేరు, ఆపటం వేరు. ఈ తేడా పట్టుకుంటే మీరు సగం బేరం గెలిచినట్టే.

పీల్చటం అంటే ఏమిటో చెప్పే కథ ఒకటుంది. 1895లో హార్వర్డులో కొత్తగా కట్టిన ఓ ఉపన్యాస మందిరంలో ఒకరు మాట్లాడితే ఆ మాట ఐదు సెకన్లకు పైగా గోడల మధ్య తిరిగి, తర్వాతి మాటల మీద పడి ఏదీ అర్థమయ్యేది కాదు. బాగు చేయమని సాబిన్ అనే కుర్ర అధ్యాపకుడికి చెప్పారు. ఆయన రాత్రిళ్లు పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి పరిచి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గుతుందో గడియారం పట్టుకుని లెక్క వేశాడు. తెల్లవారేసరికి మెత్తలు మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేయాలి. ధ్వని శాస్త్రంలో పెద్ద సూత్రం అలా మెత్తలు మోసి సంపాదించారు. మనమూ ఎరుగుదుం, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పరుపులూ తెరలూ తీసేశాక గొంతు గణగణమంటుంది. పరుపులు వచ్చాక సర్దుకుంటుంది. కాని పరుపులు వచ్చినంత మాత్రాన పక్కింటివాళ్లకు మన మాట వినపడటం మానదు గదా! గదిలోని మోత తగ్గింది, అంతే. మెత్తనిది, గాలి చొరబడేది ఏదైనా మాటను దాటనిస్తూనే వుంటుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే గది నిశ్శబ్దమయిపోతుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ వున్నారు. ఆ అట్టలు దుమ్ము పట్టుకోవటానికీ, నిప్పు అంటుకోవటానికీ బాగా పనికొస్తాయి.

మాటను ఆపేది బరువు. గోడ ఎంత బరువుగా వుంటే అంత ఆపుతుంది. బరువు రెండింతలు చేస్తే ఐదారు డెసిబెల్లు అదనంగా ఆగుతాయని లెక్క. పది మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు ఇరవై అయిదు కిలోలు తూగుతుంది. అదే పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే ఏడెనిమిది కిలోలు. కనక తలుపు లాగి చూసినప్పుడు తేలిగ్గా ఊగిపోతే అనుమానించండి. మంచి తలుపు నలభై కిలోలకు పైగా వుంటుంది, అయినా బందులు బాగుంటే వేలితో కదులుతుంది. గాజు రెండు పలకలు మధ్య పల్చటి పొర వేసి అతికించినదయితే మరీ మంచిది, పగిలినా ముక్కలు మీద పడవు. రెండు పలకల మధ్య ఖాళీ వదిలి చేసినవయితే ఆ రెండూ ఒకే మందం కాకుండా వుండటం మేలు. ఒకటి వదిలేసిన స్వరాన్ని ఇంకోటి పట్టుకుంటుంది. ఇంకో ముచ్చట. సన్నని గొంతుల్ని ఆపటం తేలిక, బొంగురు గొంతుల్ని ఆపటం కష్టం. దుకాణంలో అమ్మాయి చేత మాట్లాడించి చూపిస్తే చాలదు, మీ వెంట వచ్చిన మగవాళ్లని కూడా లోపలికి పంపండి.

బరువెంత వున్నా సందు వుంటే అంతా వృథా. ఇది స్టూడియోలో నేను కళ్లారా చూసే సంగతి. స్టూడియోలోకి ఒక తలుపు కాదు, రెండు తలుపులు దాటి వెళతాం. మధ్య చిన్న అర వుంటుంది. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండో తలుపు ఓ వేలెడు తెరిచి వుంటే చాలు, బయట వరండాలో టీ గ్లాసుల చప్పుడు మైకులోకి వచ్చేస్తుంది. గోడలో నూటికి ఒక వంతు సందు వుంటే, మిగతా తొంభై తొమ్మిది వంతులూ రాతిగోడ అయినా సరే, ఇరవై డెసిబెల్లకు మించి ఆగదు. కుక్కరు సంగతి మనకు తెలియనిదా! గిన్నె ఎంత మందమయినా రబ్బరు సాగిపోతే ఆవిరి నిలవదు, పప్పు ఉడకదు. పాడ్ తలుపుకీ అదే. నాలుగు వైపులా రబ్బరు వుందో లేదో, ముఖ్యంగా కింది అంచున వుందో లేదో వంగి చూడండి. చాలావాటికి కింద రబ్బరు వుండదు. ఓ కాగితం ముక్క తలుపు అంచులో పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే మంచిదే, జారిపోతే అక్కడ మాటా జారిపోతుంది. దీపాలు ఆర్పించి లోపల టార్చి వేసి చూస్తే వెలుగు ఎక్కడెక్కడ కారుతోందో అదీ తెలిసిపోతుంది. నేను టార్చి అడిగితే దుకాణంవాళ్లు వింతగా చూశారు. చూడనివ్వండి, డబ్బు మనది.

ఇక అంకెలు. కాస్త ఓపిక పట్టండి, ఎక్కువ చెప్పను. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే ఒక మీటరు దూరంలో అరవై డెసిబెల్లు దాకా వుంటుంది. గుసగుస ముప్ఫై. పది డెసిబెల్లు తగ్గితే చెవికి సగం అయినట్టు తోస్తుంది. పాడ్‌లను పరీక్షించటానికి 2020లో ఓ అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఐ.ఎస్.ఓ. 23351-1 అంటారు. మొత్తం గదిని, తలుపు మూసి, ఫాను సందులతో సహా వున్నదున్నట్టు పరీక్షించి, మాట ఎన్ని డెసిబెల్లు తగ్గిందో చెబుతుంది. పదిహేనుకు పైన డి తరగతి, ఇరవైకి పైన సి, ఇరవై అయిదుకు పైన బి, ముప్ఫైకి పైన ఎ. ముప్ఫై మూడు దాటితే ఎ ప్లస్. దుకాణంవాడు మాత్రం "నలభై అయిదు డెసిబెల్లు ఆపుతుందమ్మా" అంటాడు. అది గోడ ముక్కకో, గాజు పలకకో విడిగా వచ్చిన అంకె. చీర కొంగు చూపించి చీర అమ్మినట్టు! "మొత్తం గదికి ఎంత? ఆ ప్రమాణం ప్రకారం చేసిన పరీక్ష కాగితం చూపించండి" అని అడగండి. నేను వెళ్లిన చోట్ల సగంమంది ఈ ప్రశ్నకు మంచినీళ్లు తెప్పించారు.

మరి మనకు ఏ తరగతి కావాలి? అది మన హాలును బట్టి వుంటుంది. హాల్లో ఫాన్లూ, మనుషుల అలికిడీ కలిసి నలభై, నలభై అయిదు డెసిబెల్లు వుంటే, బి తరగతి గది నుంచి బయటపడిన ముప్ఫై, ముప్ఫై అయిదు డెసిబెల్ల మాట అందులో కలిసిపోతుంది. కాని మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచి, హాలు నిశ్శబ్దమయినప్పుడు అదే మాట తేలుతుంది. సరిగ్గా ఆ వేళకే గదా మన ఆడవాళ్లు ఇంటిపని ముగించుకుని వచ్చేది! ఉద్యోగులు ఫోను మాట్లాడుకోవటానికయితే బి చాలు. సంసారం గుట్టు చెప్పుకోవటానికయితే ఎ తరగతికి తగ్గవద్దని మా కమిటీతో నేను వాదించాను.

పరీక్ష కాగితం చూశాక కూడా చెవితో పరీక్షించాల్సిందే. మా ముగ్గురం చేసిన పద్ధతి ఇది. ఒకరం లోపల కూర్చుని, పేర్లూ అంకెలూ వున్న కాగితం ఒకటి మామూలు గొంతుతో చదివాం. పత్రికలో వార్త చదివితే లాభం లేదు. తెలిసిన వాక్యం సగం వినపడినా మిగతా సగం మనసే పూరించుకుంటుంది. సంఘంలో బయటికి పొక్కేవి ఏమిటి? పేర్లూ, అంకెలే. ఇద్దరం బయట ఒక మీటరు దూరాన నిలబడి విన్నంత రాసుకున్నాం. ముందు తలుపు వైపు, తర్వాత పక్కన, తర్వాత ఫాను సందు వున్న వైపు. వెనక వైపు నుంచి ఎక్కువ వినపడినవి వున్నాయి. కొన్నిటికి ముందు గాజే బాగుంటుంది, వెనక చెక్క పల్చన. దుకాణంలో సంగీతం పెట్టి వుంటే ఆపించండి, ఏసీ కూడా ఓ నిమిషం ఆపించండి. సంతలో గుసగుస ఎవరికి వినపడుతుంది!

లోపల కూర్చున్నవారు తమ గొంతు తమకు ఎలా వుందో కూడా చెప్పాలి. మరీ మెత్తలు దట్టించిన గదిలో మన గొంతు మనకే ఆననట్టుండి, తెలియకుండానే గొంతు పెంచుతాం. మైకు ముందు కొత్తగా కూర్చున్నవాళ్లు అరిచేది అందుకే. గాజులే ఎక్కువయితే గణగణమంటుంది. రెండూ కాకుండా, మంచాలూ తెరలూ వున్న పడక గదిలో మాట్లాడినట్టుంటే సరిపోయినట్టు.

ఇంతవరకు చెప్పిన దానికి సరిగ్గా ఎదురు వచ్చేది గాలి. సందు లేకపోతే మాట ఆగుతుంది, గాలీ ఆగుతుంది. ఎస్.టి.డి. బూతులో ఐదు నిమిషాలకే జాకెట్టు తడిసిపోయేది మీకు గుర్తుండే వుంటుంది. ఒక మనిషి కూర్చునే పాడ్‌లో రెండు ఘనపు మీటర్లకు కాస్త పైగా గాలి పడుతుంది. కూర్చున్న మనిషి గంటకు పద్దెనిమిది లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడు వదులుతుంది. పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అనేవారే, అదే. గాలి మారకపోతే పది నిమిషాలకే అది బయటి గాలిలో వుండేదానికి నాలుగింతలవుతుంది. తలనొప్పి, ఆవులింతలు, చెమట. పైగా మనిషి శరీరమే ఓ వంద వాట్ల బల్బంత వేడి ఇస్తుంది. ఇద్దరు కూర్చుంటే రెండు బల్బులు. కనక సెకనుకు పది లీటర్ల గాలి ఒక్కో మనిషికి అందాలి. అంటే మూడున్నర నిమిషాలకోసారి గదిలో గాలి మొత్తం మారిపోవాలి. "గాలి ఎంతసేపటికి మారుతుంది?" అని అడిగి రాయించుకోండి. గాలి వచ్చే దోవ, పోయే దోవ రెండూ వుండాలి. ఆ దోవలు నిట్టనిలువుగా బయటికి తెరుచుకోకుండా, లోపల మెత్త వేసిన వంకరటింకర గొట్టంలా వుండాలి. గాలి మలుపులు తిరిగి పోతుంది, మాట మలుపుల్లో అరిగిపోతుంది. ఈ పనితనం వున్నదీ లేనిదీ తెలుసుకోవటం కష్టమేం కాదు. ఫాను సందు దగ్గర చెవి పెట్టి వింటే తెలిసిపోతుంది.

చాలా పాడ్‌లకు ఏసీ వుండదు. హాల్లో గాలినే లోపలికి లాగుతాయి. హాలు ముప్ఫై నాలుగు డిగ్రీలుంటే లోపల ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువే వుంటుంది గాని తగ్గదు. విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని హాల్లో ఏప్రిల్ నెలలో పాడ్ పెట్టటం డబ్బు పెట్టి ఆవిరి స్నానం కొనుక్కోవటమే. అక్కడయితే నేను వద్దనే చెబుతాను. కరెంటు పోయినప్పుడు ఫాను ఆగుతుంది కనక ఇన్వర్టరు లైను దానికి కూడా ఇప్పించండి. మనిషి కదలిక చూసి దీపమూ ఫానూ వెలిగేవి కొన్ని వున్నాయి. ఏడుస్తూ కదలకుండా కూర్చున్న మనిషికి అది చీకటి చేసేస్తుంది. చేతి స్విచ్చి కూడా వున్నదే తీసుకోండి.

గాజు విషయంలో మా ముగ్గురికీ పెద్ద చర్చ జరిగింది. ఒకావిడ చుట్టూ చెక్కే వుండాలన్నారు, కన్నీళ్లు పెట్టుకునే మనిషిని నలుగురూ చూడటం ఎందుకని. ఇంకొకావిడ, ఆడపిల్లలు పనిచేసే చోట నాలుగు వైపులా మూసిన గదిలోకి ఎవరితోనయినా వెళ్లటం మంచిది కాదన్నారు. రెండూ నిజమే. చివరికి తలుపు మాత్రం గాజు, కూర్చున్నప్పుడు ముఖం వచ్చే ఎత్తున ఓ అడుగున్నర వెడల్పు పట్టీ పొగమంచులా మసక చేయించాలని ఒప్పుకున్నాం. లోపల మనుషులున్నారని, ఎందరున్నారని తెలుస్తుంది. ముఖం తెలియదు. సంఘానికి వచ్చిన మనిషి కుర్చీ తలుపుకు వీపు పెట్టి వుంటుంది, మా గుమాస్తా అమ్మాయి తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. తలుపుకు లోపలి గడియ వద్దే వద్దు. అయస్కాంతంతో అంటుకునేవి వున్నాయి, తోస్తే వచ్చేస్తాయి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరయినా కళ్లు తిరిగి పడితే లోపలికి తెరిచే తలుపు తెరవలేం.

మోకాళ్ల నొప్పుల అత్తగార్లూ చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లూ వుంటారు గదా. ఈ గదులకు నేల కాస్త ఎత్తుగా వుంటుంది, నాలుగైదు అంగుళాల గడప. తలుపు వెడల్పు రెండడుగులే వున్నవి చూశాం. ఒక్కరే పట్టే గది మా పనికి చాలదని ముందే తెలిసింది. అప్పు అడిగేవారూ, రాసుకునేవారూ ఇద్దరూ కూర్చోవాలి గదా. చంటిపిల్లతో వచ్చే తల్లి కూడా పట్టాలి.

ఒకరు కూర్చునే గదే మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది, ఇద్దరిది ఇంకా ఎక్కువ. మేడ పాతదయితే ఇంజనీరును అడిగి, దూలం మీదికి వచ్చేట్టు పెట్టించండి. ముక్కలుగా వస్తుంది గనక లిఫ్టులో పలకలు పడతాయో లేదో ముందే కొలుచుకోండి. లోపల వాడిన స్పాంజి నిప్పు తొందరగా అంటుకోని రకమని కాగితం అడగండి. కొత్తలో జిగురు వాసన వస్తుంది. వారం రోజులు తలుపు తీసి వుంచితే పోతుంది. పోకపోతే కబురు చేయండి, వూరుకోకండి. ఫోను సిగ్నలు లోపల అందుతుందో లేదో అక్కడే చూసుకోండి, ఇనుప పెట్టెల్లో అందదు.

హాల్లో ఎక్కడ పెట్టాలన్నది కూడా కొనటమంత ముఖ్యం. కూర్చుని ఎదురుచూసే బెంచీకి ఆనించి పెడితే ఎ ప్లస్ గది కూడా ఏం చేస్తుంది? గోడకు చెవులుంటాయో వుండవో గాని గోడకు ఆనుకున్న మనిషికి వుంటాయి. బెంచీ నుంచి కనీసం ఆరేడు అడుగులు, ఫాను సందు బెంచీ వైపు కాకుండా. తాగేనీళ్ల దగ్గర వద్దు, అక్కడ ఎవరో ఒకరు నిలబడే వుంటారు. పాడ్‌కూ బెంచీకీ మధ్య నిలువు ఫాను ఒకటి పెడితే దాని రొద మాటకు దుప్పటి కప్పుతుంది. ఖర్చు లేని ఉపాయం.

అన్నట్టు ఖర్చు. ఇవి లక్షల్లో మాట. మీ ఆఫీసులో సామాన్ల గది ఒకటి ఖాళీ చేయగలిగితే ముందు దాన్ని చూడండి. ఇటుక గోడ బరువుకు ఏ పాడూ సాటి రాదు. బోలు తలుపు తీయించి వడ్రంగి చేత నిండు చెక్క తలుపు పెట్టించి, చుట్టూ రబ్బరు పట్టీ, కింది అంచుకు తలుపు మూయగానే దిగే రబ్బరు, పై వెంటిలేటరుకు గాజు, గాలికి వేరే ఎగ్జాస్టు ఫాను, లోపల ఓ మందపాటి తెర, తివాచీ. చాలా సంఘాలకు ఇదే చాలు. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే పిల్లల గదులకు కూడా ఈ పద్ధతే, పాడ్ అక్కర్లేదు. మాకు సామాన్ల గది లేక పాడ్ దాకా వచ్చాం.

మేం బిల్లు మీద మూడు మాటలు రాయించుకున్నాం. గది మొత్తానికి పరీక్షలో వచ్చిన తరగతి, గాలి మారే వేగం, తలుపు రబ్బరు రెండేళ్ల తర్వాత అరిగితే ఎవరు ఎంతకు మారుస్తారన్నది. మూడోదానికి అమ్మినవాళ్లు కొంచెం నసిగారు. ఈ రబ్బరు కుక్కరు రబ్బరులా వీధి చివర దొరికేది కాదు, అందుకని జత రబ్బరు ముందే ఇప్పించుకున్నాం. ఫాను జాలీ నెలకోసారి విప్పి దుమ్ము దులపటం ఆఫీసు పనమ్మాయికి అప్పగించాం. జాలీ మూసుకుపోతే లోపలివాళ్లు గాలి కోసం తలుపు ఓరగా తీసి కూర్చుంటారు, ఇక కొన్నదంతా దండగే. ఉద్యోగులు సొంత ఫోన్లకు దాన్ని వాడకూడదని, సభ్యులు వచ్చే పదకొండు నుంచి మూడు దాకా ఖాళీగానే వుంచాలని తీర్మానం రాశాం. తలుపు మీద మాత్రం "అప్పుల విభాగం" అని బోర్డు పెట్టనివ్వలేదు. ఉత్త "గది" అనే రాయించాం. పాసు పుస్తకం దిద్దించుకునేవాళ్లూ, చిరునామా మార్చుకునేవాళ్లూ కూడా అందులోకే వెళ్లి వస్తారు. ఎవరు ఎందుకు వెళ్లారో బెంచీ మీదివాళ్లకు తెలియదు.